గొడవ మీద రాసేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

మైసూరు దసరా ఉత్సవాలను ముస్లిం అయిన కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ ప్రారంభించడం మీద లేచిన వివాదం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడిచింది. కోపం కూడా అరువు తెచ్చుకున్నది కాదు. కానీ చివరిదాకా చదివినా బాను ముష్తాక్ ఏం రాస్తారో నాకు తెలియలేదు. ఆవిడ గురించి ఎవరెవరు ఏమన్నారో మాత్రం తెలిసింది. అది పొద్దున పేపర్లో చదివేశాను కదా!

'విమర్శలు వెల్లువెత్తాయి' అన్నావు. ఎవరివి? హైకోర్టు, సుప్రీంకోర్టు పిటిషన్ల దాకా వెళ్లిన వ్యవహారమిది. కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబర్ 15న, సుప్రీంకోర్టు 19న కొట్టేశాయి. 22న ఆవిడ చాముండి కొండ మీద ఉత్సవాలు ప్రారంభించారు. సుప్రీంకోర్టులో అవతలి పక్షం లాయరు వాదన ఏమిటో నీకు తెలుసా? రిబ్బన్ కత్తిరించడం వేరు, గుడి ఆవరణలో పూజతో ప్రారంభించడం వేరు అని. దానికి జడ్జీలు, మనది లౌకిక దేశమని చెప్పే రాజ్యాంగ ప్రవేశికను గుర్తు చేశారు. నువ్వు ఆ వాదనను ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. అయినా దాన్ని దాని పూర్తి బలంతో చెప్పి, ఆ తర్వాతే జవాబు రాయాలి. 'మతోన్మాదులు' అని ఒక్క మాటతో తేల్చేస్తే, నీతో ఏకీభవించేవాళ్లు తప్ప ఇంకెవరూ రెండో పేరా దాకా రారు.

2017లో ఇదే దసరాను కవి నిసార్ అహ్మద్ ప్రారంభించారు. ఆ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అది ఉంటే సగం వాదన దానంతటదే నడిచేది. అయితే అక్కడితో పని అయిపోదు. మా అభ్యంతరం మతం మీద కాదు, 2023లో ఆవిడ చేసిన ప్రసంగం మీద అన్నవాళ్లూ ఉన్నారు. కన్నడ భాషను భువనేశ్వరి దేవిగా కొలుస్తుంటే తనలాంటివాళ్లు ఎక్కడ నిలబడాలని ఆ ప్రసంగంలో అడిగారు. అందులో ఓ ముక్క కత్తిరించి తిప్పుతున్నారని తర్వాత ఆవిడే చెప్పారు. ఆ ముక్క ఒక్కటే నువ్వూ చూశావని నీ రాతే పట్టిస్తోంది. కన్నడం రాదంటావా? అనంతపురంలో ఉంటూ కన్నడం తెలిసిన మనిషి దొరకలేదంటే నేను నమ్మను. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం విను. విన్నాక నీ అభిప్రాయం మారకపోవచ్చు, వాక్యం మాత్రం మారుతుంది.

ఇక అసలు సంగతి, కథలు. ఆవిడకు 2025లో ఇంటర్నేషనల్ బుకర్ తెచ్చిన ఇంగ్లిష్ అనువాద సంపుటి 'హార్ట్ ల్యాంప్'లో పన్నెండు కథలున్నాయి. 1990 నుంచి 2023 దాకా రాసినవి. పేరు కథలో మెహ్రూన్ అనే తల్లి ఉంటుంది. మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి పోయాడు. పుట్టింటికి వెళితే వాళ్లు ఓదార్చరు, పరువు పేరు చెప్పి తిరిగి దిగబెడతారు. ఆ రాత్రి ఆమె ఒంటి మీద కిరోసిన్ పోసుకుంటుంది. ఆపేది పెద్దకూతురు. పసిబిడ్డను తెచ్చి తల్లి ముందు పెట్టి, మాకు నువ్వు కావాలని పట్టుకుంటుంది. పుట్టింటివాళ్లెవరూ రాక్షసులు కారు, అదే ఆ కథలో కష్టమైన భాగం. నా మట్టుకు ఆ పుట్టింటి ఘట్టం ముగింపు కంటే బాగుంది. మనవాళ్ల ఇళ్లలో జరిగే పంచాయితీ అచ్చం ఇలాగే ఉంటుంది, మతం ఏదైనా. నీ వ్యాసంలో దీనికి ఒక్క పేరా ఇవ్వు. జెండాలు పట్టుకున్న రెండు వైపులవాళ్లూ వదిలేసింది దీన్నే.

ఇంకోటి. 2000 సంవత్సరంలో, ఆడవాళ్లు మసీదుకు వెళ్లే హక్కు గురించి మాట్లాడినందుకు సొంత సమాజమే ఆవిడను వెలివేసింది. పాతికేళ్ల తర్వాత గుడి మెట్ల దగ్గర అవతలివాళ్లు అడ్డుపడ్డారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒకటి రాసి రెండోది దాచావంటే మాత్రం అది వ్యాసం కాదు, కరపత్రం.

'మన తెలుగుకు బుకర్ ఎప్పుడు?' అని ముగించావు. ఆ బెంగ నాకూ ఉంది, కానీ ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. వేరే రాయి. రాసేటప్పుడు 50,000 పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు దీపా భాస్తి చెరి సగం పంచుకున్నారన్న దగ్గర మొదలుపెట్టు. మన దగ్గర అనువాదకుడి పేరు కోసం అట్ట తిప్పి వెతుక్కోవాల్సి వస్తుంది. డబ్బుల సంగతి అడగకు.

తొందరేమీ లేదు. గొడవ చల్లారితే ఎవరూ చదవరని టెన్షన్ పడుతున్నావేమో. గొడవ కోసం చదివేవాళ్లు పోతారు, పోనీ. పుస్తకం చదివి సవరించి పంపు, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. ఈసారి పేజీకి రెండు వైపులా రాయకు, నా కళ్లకు కష్టంగా ఉంది.

ఆశీస్సులతో,
అన్నయ్య