చరిత్ర సీటుకు ఏం రాయాలి?

ప్రశ్న: బ్రిటన్‌లో చరిత్ర డిగ్రీకి దరఖాస్తు చేస్తున్నాను. నా గురించి రాసే వ్యాసాన్ని ‘చిన్నప్పటి నుంచి చరిత్రంటే ఇష్టం’ అని మొదలుపెట్టాను. బాగుందా మేడమ్?
– విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: ఆ వాక్యం కొట్టేయమ్మా, అందరూ రాసేదే. మీ ఊరి యుద్ధ స్తంభం దగ్గర మొదలుపెట్టు. 1757 జనవరి 24 నాటి పోరును బుర్రకథ ఒకలా చెబుతుంది (మా నాయనమ్మ వింటూ కళ్లు తుడుచుకునేది), ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మరోలా రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. తేడా ఎక్కడ కనిపించింది? ఎవరి మాట, ఎందుకు నమ్మావు? అదే రాయి. యూకాస్ (బ్రిటన్ విశ్వవిద్యాలయాల దరఖాస్తులు తీసుకునే సంస్థ) దరఖాస్తులో ఈ వ్యాసాన్ని ఇప్పుడు మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి; మూడింటికీ కలిపి 4,000 అక్షరాలే, ఖాళీలతో సహా. క్విజ్ బహుమతులేమైనా ఉంటే వాటికి ఒక్క వాక్యం చాలు.