చెన్నై ప్రయాణం గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

డిసెంబరులో ఫ్రెండ్స్‌తో చెన్నై వెళ్తున్నావని, పగలు మ్యూజియం, సాయంత్రం కచేరీలు అని మీ అమ్మ చెప్పింది. మనింటి పిల్ల సంగీతం వినడానికి ఊరు దాటి వెళ్తోందంటే ఎంత గర్వంగా ఉందో! టెన్షన్ కూడా అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు. ఎగ్మోర్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, చూసుకోండి.

అక్కడ అన్నీ చూసెయ్యాలని పరుగులు పెట్టకండి. కంచు విగ్రహాలు, మన అమరావతి శిల్పాలు చూస్తే చాలు. నలగిరి ఏనుగు శిల్పం ఎక్కడుందో అడిగి మరీ చూడండి. గుండ్రటి రాతి పలకలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకవైపు మదమెక్కి మనుషుల మీద పడుతుంటుంది, మరోవైపు బుద్ధుడి కాళ్ల దగ్గర వంగి ఉంటుంది. మేడ మీది నుంచి జనం తొంగి చూస్తుంటారు. మన కృష్ణ ఒడ్డున చెక్కిన రాయి అది. గుంటూరు పిల్లవి, దాని ముందు కాసేపు నిలబడు.

మూడింటికల్లా బయటపడండి. కడుపునిండా తిని, గంటసేపు నడుం వాల్చాకే కచేరీకి వెళ్లండి. ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మీ అమ్మ నీకీ సంగతి చెప్పి ఉండదు.

దాని పెళ్లికి ముందు స్నేహితురాళ్లతో కలిసి మేం కూడా ఇలాగే వెళ్లాం. పొద్దున తిన్న ఇడ్లీలతోనే సాయంత్రం దాకా మ్యూజియంలో తిరిగి, అట్నుంచి అటే మైలాపూర్‌లో కచేరీకి పోయాం. మధ్యలో మీ అమ్మకి తలనొప్పి. "మీరు వినండక్కా, నేను రూముకి పోతా" అని లేచింది. వద్దంటే వింటేనా! లాడ్జి పేరు తెలుసు గానీ వీధి తెలీదు, తమిళం రాదు. ఆటో అతను అదే పేరున్న ఇంకో లాడ్జి దగ్గర దింపేసి పోయాడు. కచేరీ అయ్యాక మేం రూముకి వెళ్తే తలుపుకి తాళం. నా ప్రాణం పోయినంత పనైంది. ఫోన్లు లేని రోజులు. వీధులన్నీ గాలిస్తే కపాలీశ్వరుడి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ పక్కన కనిపించింది. ఆవిడకి కాస్త తెలుగొచ్చు. "మీవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, కదలకు" అని కూర్చోబెట్టిందట. మీ అమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా రాత్రి ఆలస్యంగా వస్తే నాకు ఆ తాళమే కళ్లముందు కనిపిస్తుంది.

అందుకే ఒకరికి తలనొప్పొస్తే అందరూ లేవండి. పెద్ద విద్వాంసుల కచేరీ అయినా సరే, టికెట్ డబ్బులు పోయినా సరే. లాడ్జి అడ్రసు కాగితం మీద రాసి అందరూ దగ్గరుంచుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.

మధ్యాహ్నం కచేరీలు చాలా సంగీత సభల్లో ఉచితమే, పైకొస్తున్న పిల్లలు పాడతారు. ఒకటైనా వినండి. ప్రధాన కీర్తనలో తనియావర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, మొదలవగానే సగం హాలు క్యాంటీన్‌కి లేస్తుంది. నువ్వు లేవకు తల్లీ. మృదంగం ఒకటి వాయిస్తే ఘటం దానికి జవాబిస్తుంది. ఆ ముక్కలు చిన్నవై చిన్నవై, చివరికి ఇద్దరూ కలిసి వాయిస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. త్యాగయ్య కీర్తన వస్తే పక్కన కూర్చున్న తమిళావిడ అర్థం అడగొచ్చు. విసుక్కోకుండా చెప్పు.

డబ్బులు చాలకపోతే నాకు ఫోన్ చెయ్యి, వేస్తాను. రాత్రి రూముకి చేరాక మాత్రం, ఎంత పొద్దుపోయినా, ఒక్క మెసేజ్ పెట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ