ఊరు తక్కువగా చూసే మనిషికి పాట, ప్రార్థన ఏమిస్తాయి?

పుట్టుకను బట్టి చిన్నచూపు చూసే చోట పెరిగిన మనిషికి కళ గానీ, క్రైస్తవ విశ్వాసం గానీ గౌరవం తెచ్చిపెడతాయా అని అడిగారు. ఊరి చేత గౌరవం ఇప్పిస్తాయని నేను చెప్పను. ఊరి తీర్పును లెక్కచేయని ధైర్యం మాత్రం ఇస్తాయి. మా నాన్నలో అది చూశాను.

ఆయన పల్నాడు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడేవారు. కాటిసీనులో శ్మశానవాటి పద్యాలు ఎత్తుకుంటే వన్స్‌మోర్‌లు మోగేవి. ఆ పద్యాలు నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు, 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారివి. అంటరానితనాన్ని అనుభవించిన క్రైస్తవ కవి పద్యాలకు ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ తలలూపాయి.

ఒక శనివారం రాత్రి పక్క ఊళ్లో నాటకం. ఊరి పెద్ద స్వయంగా వేదికెక్కి నాన్నకు శాలువా కప్పాడు. తెల్లవారాక మిగతా నటులకు వసారాలో విస్తళ్లు వేసి, నాన్నకు పశువుల చావిడిలో వేశారు. ఆయన తినలేదు. శాలువా మడిచి అరుగు మీద పెట్టి, నన్ను సైకిలెక్కించుకుని నేరుగా గుడికి, అంటే మా చర్చికి, వచ్చేశారు. ముఖానికి పూసుకున్న అర్దళం రంగు సరిగా పోలేదు, నుదుట కాటికాపరి బూడిద అలాగే ఉంది. మా పాస్టరు అయ్యగారు మండిపడ్డారు: “ప్రార్థనకు వచ్చే ముఖమేనా ఇది?”

“దేవుడిచ్చిన గొంతు అయ్యగారూ. రాత్రి కూడా దీనితోనే పాడాను” అని నాన్న చాప మీద కూర్చుని, తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అందుకున్నారు. పై స్థాయిలో గొంతు చీలింది. అయినా చరణం వదలలేదు. దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడన్న మాటను నాన్న అక్షరాలా నమ్మారు. అందుకే చావిడి విస్తరీ, అయ్యగారి కోపమూ ఆయనను కుంగదీయలేదు.

ఇప్పుడు మా చర్చిలో ఆ కీర్తనలు పాడేవారే తగ్గిపోయారు. చెవులు పగిలే స్పీకర్లు, కీబోర్డులో ముందే నింపిన తాళం. రాగం తెలిసిన ముసలివాళ్లు వెనక వరుసలో మౌనంగా కూర్చుంటున్నారు, నాకది అవమానంగానే కనిపిస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర కులం అడిగే విశ్వాసులను చూస్తే ఇంకా బాధ. సాహిత్య సభలవారికీ పుట్టినరోజైన సెప్టెంబరు 28న తప్ప జాషువా గుర్తుకు రారు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ను వారిలో ఎందరు చదివి ఉంటారు?

మీరు ముందు జాషువా గారి ‘గబ్బిలం’ చదవండి. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తిరిగే గబ్బిలంతో కాశీలోని శివుడికి తన గోడు పంపుకుంటాడు. కళ్లతో చదివి పక్కన పెట్టకండి. గొంతెత్తి, పక్కింటికి వినబడేలా చదవండి.