శనగకు వచ్చింది ఎండు తెగులు కాదు, కలుపు మందు దెబ్బ

ప్రశ్న: మూడెకరాల నల్లరేగడిలో జేజీ-11 రకం శనగ వేశాను. 22వ రోజున వెడల్పాకు కలుపుకి ఇమాజితాపైర్ అనే కలుపు మందు కొట్టాను. ఇప్పుడు 40 రోజుల పైరు. మొక్కలు పసుపెక్కి ఎదగడం లేదు. ఎండు తెగులని షాపులో కార్బెండజిమ్ అనే తెగులు మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, నాగులుప్పలపాడు మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: ఇది ఎండు తెగులు కాదు. కారణం మీ ప్రశ్నలోనే ఉంది, ఇమాజితాపైర్. నమ్మకం కుదరకపోతే ఒక మొక్క పీకి, వేరు మొదలు దగ్గర కత్తితో నిలువునా చీల్చండి. లోపల నల్లటి, గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు. తెల్లగా ఉంటే మందు దెబ్బే. గట్టు వెంట మందు పడని మొక్కలు పచ్చగా ఉన్నాయేమో కూడా చూడండి. మందు పడిన మొక్కల చిగురాకులు సన్నబడి గుత్తిగా ముడుచుకుని ఉంటాయి.

మినుముకు కొడితే ఏమీ కాలేదు కదా, శనగా పప్పుజాతే కదా అనుకుంటారు. మినుము, వేరుశనగ ఆ మందును తమలోనే త్వరగా విరిచేసుకుంటాయి. శనగకు ఆ శక్తి తక్కువ. సీసాతో వచ్చే కరపత్రంలో శనగ పేరే ఉండదు. కళ్లజోడు లేకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. షాపాయన చెప్పాడంటే సరిపోదు, ఆయన పొలం కాదు పోయేది.

కార్బెండజిమ్ ఆపేయండి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. నీటి వసతి ఉంటే ఒక తేలికపాటి తడి ఇవ్వండి. పక్క కొమ్మల చిగుళ్లు మామూలు రంగులో వస్తే పైరు తేరుకున్నట్టే. పూత మాత్రం వెనకబడుతుంది, దిగుబడి కొంత తగ్గుతుంది. చిగుళ్లు ఎండిపోయిన మొక్కలకు ఏ టానిక్కూ పనిచేయదు, డబ్బు దండగ.

వచ్చే ఏడు విత్తిన రోజే, లేదా 48 గంటల లోపు, నేలలో పదును (తేమ) ఉండగా, కలుపు మొలవకుండా ఆపే పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు 1 నుంచి 1.4 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. మూడో రోజు పొడి నేల మీద కొట్టి మందు పనిచేయలేదని అనకండి. మొలిచిన గడ్డికి 20 రోజులప్పుడు, గడ్డి లేతగా ఉండగా, క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం ఎకరాకు 400 మి.లీ. చాలు. తుంగకు, వెడల్పాకు కలుపుకి అది పనిచేయదు. వెడల్పాకు కలుపుకి 25-30 రోజుల్లో దంతె (వరుసల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలాలి, మిగిలింది కూలీలతో తీయించాలి. కూలి రేట్లు నాకూ తెలుసు, అయినా ఇప్పుడు పోయినదానికంటే అది తక్కువే.

ఇమాజితాపైర్ కొట్టిన ట్యాంకును, పైపును, నాజిల్‌ను సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగే వరకు పక్క మిరప చేలోకి తీసుకెళ్లకండి.