మూడో పేరాలో ప్రశ్న, ఐదో పేరాలో జవాబు

తమ్ముడూ,

సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ సూపర్‌హీరో గేమ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. రెండోసారి ఆ చిరాకు ఎక్కడ పుట్టిందో దొరికింది.

మూడో పేరాలో "కొట్టినా తగలదు, నాలుగు దెబ్బలకే నీరసం, ఇదేం సూపర్‌హీరో" అన్నావు. ఐదో పేరాకొచ్చేసరికి గేమ్‌లోని స్టీల్ కాన్యన్ పేటలో ముక్కూమొహం తెలియనివాడెవడో నీ మీద ఏదో వేసి, పలకరించకుండా ఎగిరిపోయాడు. నువ్వు గాలిలా పరిగెత్తి గోడకు గుద్దుకున్నావు. "కాసేపు అలుపే రాలేదు" అని కూడా రాశావు. గోడకు గుద్దుకోవడం బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ నువ్వడిగిన ప్రశ్నకు జవాబు నీ ఒళ్లోనే వచ్చి పడితే, దులుపుకుని వెళ్లిపోయావు కదయ్యా! వాడు వేసింది స్పీడ్ బూస్ట్, కైనెటిక్స్ అనే పవర్ల సెట్‌లోది. రెండు నిమిషాలుంటుంది. పరుగు పెంచుతుంది, వాడిన పవర్ మళ్లీ సిద్ధమయ్యే వేగం పెంచుతుంది, పవర్లు వాడినప్పుడల్లా ఖర్చయ్యే ఎండ్యూరెన్స్ తిరిగి నిండే వేగం కూడా పెంచుతుంది. నీకు అలుపు రాకపోవడానికి ఈ చివరిదే కారణం.

"నేను సరదాగా ఆడేవాణ్ణి, లెక్కలు నాకెందుకు" అని మొదటి వాక్యంలోనే చేతులు కడుక్కున్నావు. సరదాగా ఆడు, ఎవరొద్దన్నారు? రాయడానికి కూర్చున్నాక మాత్రం నీరసం అన్న మాట వెనక ఎంత, ఎందుకు అనేవి ఉండాలి. ఈ మాట నేను పాతికేళ్లుగా అంటున్నాను, విన్నవాళ్లు తక్కువ.

లెక్క చూడు. ఎండ్యూరెన్స్ గిన్నె 100. ఏమీ లేకపోతే అది నిమిషానికి 100, అంటే సెకనుకు సుమారు 1.67 చొప్పున నిండుతుంది. నీది ఫైర్ బ్లాస్టర్, దూరం నుంచి నిప్పు విసిరే రకం. ఫైర్ బ్లాస్ట్ ఒక్కసారి వాడితే 5.2 పోతుంది, ఫైర్ బాల్‌కు సుమారు 15. అంటే ఒక్క ఫైర్ బాల్ తొమ్మిది సెకన్ల రాబడిని మింగేస్తుంది. గుంపు కనబడగానే వరుసగా అన్నీ వదిలితే గిన్నె ఖాళీ కాక ఏమవుతుంది? సున్నాకు వచ్చిందంటే, ఆన్ చేసి పెట్టుకున్న టాగుల్ పవర్లన్నీ కూడా ఊడిపోతాయి. నువ్వు "హఠాత్తుగా చచ్చాను" అన్నది బహుశా ఆ క్షణమే.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. మొదటిది స్టామినా అనే పవర్. 2010కి ముందు అయితే ఫిట్‌నెస్ పూల్ అనే పవర్ల గుంపులో ముందు రెండు పవర్లు తీసుకుని, 20వ లెవెల్ దాకా పళ్లబిగువున ఆగాలి. ఇప్పుడు పుట్టుకతోనే వస్తుంది. అది రికవరీని, అంటే గిన్నె నిండే వేగాన్ని, 25 శాతం పెంచుతుంది. పవర్ బలం పెంచే ఎన్‌హాన్స్‌మెంట్లు పెట్టడానికి స్లాట్లుంటాయి కదా, దాని స్లాట్లలో సింగిల్ ఆరిజిన్ రకం ఎండ్యూరెన్స్ మాడిఫికేషన్‌వి మూడు అమర్చు, పెంపు 49 శాతం దగ్గరికి పోతుంది. సెకనుకు 1.67 ఉన్నది 2.5 దాకా వస్తుంది. నాలుగోది అమర్చకు. 2005లో తెచ్చిన మార్పు ప్రకారం ఒకే రకం మూడు వేస్తే వాటి మొత్తం బలం సుమారు 95 శాతం, నాలుగు వేసినా 100 దగ్గరే ఆగుతుంది. 50వ లెవెల్ దాకా చేతికొచ్చే అదనపు స్లాట్లే 67. ఒకటి దండగ చేస్తే ఇంకో పవర్ నోరు కొట్టినట్టే.

రెండోది ఖర్చు తగ్గించడం. ఎక్కువగా వాడే ప్రతి దాడిలోనూ ఎండ్యూరెన్స్ రిడక్షన్ ఒకటి వెయ్యి. 33 శాతం అని రాసి ఉంటుంది, 33 తగ్గుతుందనుకోకు. అక్కడ జరిగేది తీసివేత కాదు, భాగహారం. 15ని 1.33తో భాగిస్తే 11.3. తగ్గింది నాలుగోవంతు. రీచార్జ్ కూడా అంతే. అందుకే "రీచార్జ్ వేసినా తేడా లేదు" అని కొత్తవాళ్లు గోల పెడతారు.

ఇక తగలకపోవడం. "గేమ్ మోసం చేస్తోంది" అన్నావు. మోసమని రాయాలంటే సాక్ష్యం కావాలి, అది నీ ఛాట్ కిటికీలోనే ఉంది. కంబాట్ ట్యాబ్ తెరిస్తే ప్రతి దెబ్బకూ తగిలే అవకాశం ఎంత శాతమో, పాచిక ఎంత పడిందో రాసి ఉంటుంది. నీ లెవెల్ మినియన్‌కు, అంటే మామూలు శత్రువుకు, తగిలే అవకాశం 75 శాతం. రెండు లెవెళ్లు పైవాడికి 56. నాలుగు లెవెళ్లు పైవాడు, అంటే పేరు ఊదారంగులో కనబడేవాడికి 39. ఒక్క సింగిల్ ఆరిజిన్ అక్యురసీ వేస్తే మొదటి 75 నూరవుతుంది, గేమ్ దాన్ని 95 దగ్గర ఆపుతుంది. ఊదావాడికి అదే ఒక్కటి 52 మాత్రమే ఇస్తుంది. నీ దాడుల్లో అక్యురసీ ఎన్ని ఉన్నాయో నువ్వు రాయలేదు. ఒక్కటీ లేదని నా అనుమానం. నువ్వు "నారింజ రంగువాళ్లు" అన్నవాళ్లు నిజంగా రెండు లెవెళ్లు పైవాళ్లా, లేక నీ లెవెల్ బాస్‌లా? బాస్ పేరు రెండు మెట్లు ఎక్కువ రంగులో కనిపిస్తుంది, తగిలే శాతం మాత్రం తగ్గదు. ఈ తేడా తెలియకుండా కష్టం గురించి రాసిన పేరా దేనికి పనికొస్తుంది?

అంకెలు రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకెవరో చెప్పి ఉంటారు. నాకూ ఒక సంపాదకుడు చెప్పాడు. నా వ్యాసంలో అంకెలన్నీ పీకేసి, పైన మూడున్నర నక్షత్రాలు అతికించి అచ్చేశాడు. ఆ అర నక్షత్రం ఎక్కడిదో ఈ రోజుకీ నాకు తెలీదు. పంచాంగంలో ఘడియలు, విఘడియలు చూసే జనం, క్రికెట్‌లో రన్‌రేట్ దశాంశాల దాకా వాదించుకునే జనం, ఎండ్యూరెన్స్ 1.67 అంటే పారిపోతారా? నువ్వూ నక్షత్రాలెన్ని ఇవ్వాలని అడిగావు. ఆకాశంలోవి చాలు.

ఇంకో చోట "ఈ కొత్త గేమ్" అన్నావు. 2004 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైంది. క్రిప్టిక్ స్టూడియోస్ తయారు చేసింది, ఎన్‌సీసాఫ్ట్ నడిపింది. 2012 నవంబర్ 30న మూసేశారు. 2019లో ఆటగాళ్ల సర్వర్లుగా మళ్లీ లేచింది. వాటిలో నువ్వు ఆడుతున్న హోమ్‌కమింగ్ సర్వర్‌కు 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ లైసెన్స్ ఇచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన నగరాన్ని కొత్తదంటే, నాలుగో లెవెల్‌లోనే ఎగరగలగడం నీకు మామూలుగానే తోస్తుంది. అప్పట్లో 14వ లెవెల్ దాకా నడకే. దానికీ ముందు ఎగిరే పవర్ల పూల్‌లో హోవర్ లాంటిది ఒకటి తీసుకోవాలి. ఊరంతా కాలినడకన తిరిగినవాడికి మొదటి ఎగురుడు వేరేగా ఉంటుంది. అది రాయగలిగితే నీ రెండో పేరా బతుకుతుంది.

కాస్ట్యూమ్ గురించి పేజీన్నర రాశావు, అందులో సగం రంగుల పేర్లే. ఈ గేమ్‌లో వేషాలు కట్టే పనిముట్టు ఎంత శక్తిమంతమైనదంటే, తమ హీరోల నకళ్లు తయారవుతున్నాయని 2004 నవంబర్‌లో మార్వెల్ కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఈ రెండు వాక్యాలు పెట్టి, రంగులన్నీ కొట్టెయ్.

నీ మిగతా ప్రశ్నలు మరోసారి చూద్దాం. ముందు మూడో పేరా తిరగరాసి పంపు. ఆ వీధిలోనే, ఆ లెవెల్‌లోనే, స్పీడ్ బూస్ట్ లేకుండా ఒక గుంపుతో తలపడు. కంబాట్ అట్రిబ్యూట్స్‌లో రికవరీ ఎంతుందో రాసిపెట్టుకో, ఎన్ని దాడులకు గిన్నె ఖాళీ అయిందో లెక్కపెట్టు. తర్వాత మూడు స్లాట్లు మార్చి మళ్లీ అదే గుంపు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ఆ తర్వాత గోడకు గుద్దుకో.

నీ
అన్నయ్య

తా.క. నువ్వు పంపిన రెండో బొమ్మ మళ్లీ చూశాను. కొట్లాట మధ్యలో కూడా నీ స్ప్రింట్, ఆ పరుగు పెంచే పవర్, ఆన్‌లోనే ఉంది. అదీ టాగులే, ఎండ్యూరెన్స్ తాగుతూనే ఉంటుంది. ఆపెయ్.