తుపాను కబురు అందేలోపు చేయవలసిన పని

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

వరి ఈని కంకి బయటికొచ్చిందనీ, మబ్బు పడితే చాలు రాత్రి నిద్ర పట్టడం లేదనీ నిన్న ఫోనులో అన్నావు. శ్రీకాళహస్తి పక్కన స్వర్ణముఖి ఒడ్డున నలభై ఏళ్లుగా వరి పండిస్తున్నాను, నీ భయం నాకు తెలుసు. మన వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. చెరువు కింది పైరు ఈని పండేదీ అప్పుడే. వాన ఎంత పడిందన్న లెక్క పక్కన పెట్టి, గింజ ఏ దశలో ఉంది, ఎన్నాళ్లు తడి మీద ఉంది అని చూడడం నేర్చుకో.

ఇప్పుడు నీ మడిలో పూత ఉంది. వరి పువ్వు పొద్దున తొమ్మిది తరువాత విచ్చుకొని మధ్యాహ్నానికల్లా మూసుకుంటుంది. ఆ వేళ జోరువాన కొడితే పుప్పొడి కొట్టుకుపోయి గింజ లేని తాలు మిగులుతుంది. దానికి మనం చేయగలిగింది లేదు. ఉదయం పూట మందు మాత్రం కొట్టించకు; తప్పనిసరైతే మూడు గంటలు దాటాక కొట్టించు.

తరువాత పాలు పోసుకునే దశ. ఆకు ఎండలో తయారు చేసిన ఆహారమే గింజలో పిండిగా చేరుతుంది. వారం పది రోజులు మబ్బు వదలకపోతే గింజ సన్నబడుతుంది, బియ్యం మిల్లులో నూకవుతుంది. గింజ నిండలేదని ఆ దశలో యూరియా చల్లేవాళ్లున్నారు. నువ్వు ఎవరి మాటా వినకు. కాండం మెత్తబడి పైరు చిన్న గాలికే పడిపోతుంది. పడిన కంకి నీళ్లలో నానితే మొలక అక్కడే మొదలు.

పండిన గింజ కొన్నాళ్లు నిద్రలో ఉంటుంది, అప్పుడు తడిసినా మొలకెత్తదు. కొన్ని రకాల్లో ఆ నిద్ర రెండు మూడు వారాలు, కొన్నిటిలో దాదాపు ఉండదు. నిద్ర తీరిన గింజ ఎడతెగకుండా నానితే లోపలి పిండిని చక్కెరగా మార్చుకొని మొలకకు పెడుతుంది. అందుకే వచ్చే ఏడు విత్తనం కొనే ముందు తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి, దిగుబడితో పాటు ఆ రకం నిద్ర ఎన్ని రోజులో కూడా అడుగు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ముందు నేను కోత కోయించి, కోసి పరిచిన పనలు ఆరాక కట్టలు కడదామని పొలంలోనే వదిలేశాను. ముసురు పట్టుకుంది. తెరిపి ఇచ్చాక ఒక పన తిరగేశాను. కింది కంకుల్లో గింజ గింజకూ అడుగున తెల్లని ముల్లులా మొలక. ఇంకో రెండు రోజులకు ఆ ముళ్లు పచ్చబడ్డాయి, వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి, పన ఎత్తితే చాపలా లేచింది. పక్క మడిలో కోయకుండా నిలబెట్టిన పైరు చాలావరకు దక్కింది. ఆ రోజు మీ అత్తయ్య గట్టు మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కాబట్టి కంకిలో నూటికి ఎనభై పైగా గింజలు పసుపు తిరిగి, ఆరబోయడానికి కళ్లం, పట్టలు సిద్ధంగా ఉంటేనే తుపానుకు ముందు కోయించు. లేదంటే పైరును నిలబెట్టే ఉంచు. మడిలో నీరు బయటికి పోయేలా కాలువలు ఇప్పుడే తీయించు. పైరు పడిపోతే నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి లేపు. వాన తెరిపి ఇవ్వగానే, గింజ మొలకెత్తకుండా, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టించు. ఎకరాకు 200 లీటర్ల నీరు, అంటే పది కిలోల ఉప్పు. బట్టలో వడగట్టు, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. మళ్లీ వాన పడి ఉప్పు కడుక్కుపోతే మళ్లీ కొట్టించాలి. కోసిన పనలు తడిసినా ఇదే చేయాలి.

యంత్రంతో కోసిన ధాన్యం తడిగా ఉంటే కుప్పలో చేయి మోచేతి దాకా పెట్టి చూడు. వెచ్చగా తగిలితే ఆ క్షణమే కుప్ప విప్పాలి. ఎండ లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పెట్టు. ఎండ రాగానే కుప్ప మీది పట్ట తీసేయి, లేకపోతే కింద చెమ్మ పట్టి గింజ రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఒకసారి ఉబ్బిన గింజ పైకి బాగున్నా విత్తనానికి ఉంచకు.

ఈ వారమే ఉప్పు తెచ్చి పెట్టుకో. మా ఇంట్లో చిల్లులు లేని పట్టలు రెండున్నాయి, ఆదివారం బస్సుకు వేసి పంపిస్తాను. కంకి వంగడం మొదలవగానే ఒకటి కోసి ఫొటో తీసి పంపు, కోత రోజు ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

మీ మామయ్య