టాక్సాపెక్స్ మీద రాస్తున్న తమ్ముడికి

తిరుపతి

చిరంజీవి తమ్ముడికి,

పోకెమాన్ వీడియో గేమ్‌లోని టాక్సాపెక్స్ అనే ప్రాణి గురించి చిత్తూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. ఆసాంతం చదివాను. మొదటి పేరాలోనే కోపం వచ్చింది. ‘టాక్సాపెక్స్‌తో ఆడటం కొందరికి విసుగు పుట్టించవచ్చు, క్షమించి చదవగలరు’ అని రాశావు. ఎవరు క్షమించాలి నిన్ను? ఏం నేరం చేశావని? పోకెమాన్ పోటీకి ఆరు ప్రాణులతో జట్టు కట్టావు, అందులో ఒకదాన్ని దెబ్బలు కాచుకోవడానికి పెట్టుకున్నావు. అంతే కదా! ఆ వాక్యం కొట్టెయ్యి. మరో రూపంలో కూడా అది మళ్లీ నా కంటపడకూడదు.

ఆ సంకోచం నీలో పుట్టింది కాదని నాకు తెలుసు. ఒక్క దెబ్బతో ఎదుటి జట్టును ఊడ్చేసే చిన్న చిన్న వీడియోలు చూసి చూసి, ఆటంటే అదేనని కుర్రాళ్లు నమ్ముతున్నారు. ఆ దెబ్బ కొట్టిన ప్రాణి అంత క్షేమంగా బరిలోకి ఎలా దిగింది, అంతకుముందు దాని తరఫున ఎవరు దెబ్బలు తిన్నారు అన్నది ఆ వీడియోల్లో ఉండదు. మన ఊళ్లలో కబడ్డీ చూసే ఉంటావు. కూతకు వెళ్లినవాడి పేరే మైకులో మోగుతుంది. అతణ్ణి లోపలికి రానిచ్చి, సరైన క్షణంలో మడమ అందుకునేవాళ్ల పనితనం ఆట తెలిసినవాళ్లకే కనబడుతుంది. నీ వ్యాసం చదివినవాడికి ఆ చూపు రావాలి. రక్షణ గురించి రాసేవాడికి అంతకంటే పెద్ద పని లేదు.

ఇక నీ అంకెలు. ప్రాణం 50, రక్షణ 152, ప్రత్యేక రక్షణ 142 అని ఒక పేజీ నింపి, ‘కాబట్టి ఇది గొప్ప గోడ’ అని తేల్చేశావు. ఆ లెక్కన షకిల్ అనే మరో ప్రాణిని మించిన గోడ ఉండకూడదు. దానికి రక్షణ 230, ప్రత్యేక రక్షణ కూడా 230. కానీ ప్రాణం 20, పైగా పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చుకునే రికవర్ అనే ఎత్తు లేదు. అందుకే ఆ రెండు 230లూ దాన్ని ఎక్కువసేపు కాపాడలేవు. టాక్సాపెక్స్‌ను నిలబెట్టేది రీజనరేటర్ అనే గుణం. లెవెల్ 100లో ప్రాణానికి పూర్తి పోషణ (బలం పెంచడానికి మనం పంచే పాయింట్లు) ఇస్తే దానికి 304 పాయింట్లు ఉంటాయి. బరి నుంచి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ అందులో మూడో వంతు, అంటే 101 తిరిగి వస్తాయి. నేల మీద స్టెల్త్ రాక్ (దిగినవాళ్లకు గుచ్చుకునే రాళ్లు) ఉంటే దిగిన ప్రతిసారీ పోయేది ఎనిమిదో వంతు, అంటే 38. దిగినప్పుడు 38 పోతుంది, వెళ్లేటప్పుడు 101 వస్తుంది. దాని బతుకంతా ఈ లెక్కలో ఉంది. దానికి నువ్వు ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం.

ఇంకొకటి. ఏ తరం ఆట గురించి రాస్తున్నావు? ఒకచోట స్కాల్డ్ అనే వేడినీటి దాడితో కాల్చవచ్చన్నావు, రికవర్ 16 సార్లు వాడుకోవచ్చన్నావు. మరోచోట ప్రాణి రకాన్ని మార్చే టెరా గురించి రాశావు. టాక్సాపెక్స్ 2016లో సన్, మూన్ ఆటలతో వచ్చింది. నువ్వు చెప్పిన స్కాల్డ్, ఆ 16 రికవర్‌లు పాత తరాలవి. 2022లో స్కార్లెట్, వయొలెట్ వచ్చేసరికి స్కాల్డ్ దాని చేతి నుంచి పోయింది, రికవర్ గరిష్ఠంగా 8కి పడిపోయింది. టెరా ఉన్నది ఈ కొత్త తరంలోనే. అలాగే నువ్వు రాస్తున్నది సింగిల్స్ గురించి, అంటే ఒకదానితో ఒకటి తలపడే ఆట గురించి. అధికారిక ప్రపంచ పోటీ జరిగేది ఒకేసారి రెండేసి తలపడే డబుల్స్‌లో, అక్కడ ఆరింటిలో నాలుగే బరిలోకి దిగుతాయి. ఈ రెండు సంగతులూ మొదట్లోనే చెప్పకపోతే పాఠకుడు నిన్ను నమ్మి ఓడిపోతాడు.

నాలుగో పేజీలో ఒక చోటు ఉంది, ఎదుటివాడి నిప్పు-పురుగు ప్రాణి వోల్కరోనా బలం పెంచుకునే చోటు. ‘వోల్కరోనా క్వివర్ డాన్స్ వేసింది. నేను టాక్సాపెక్స్‌ను దింపాను. హేజ్ వేశాను. అవతలివాడు చాలాసేపు ఏమీ నొక్కలేదు.’ ఈ చివరి వాక్యం వల్లనే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. చాలా బాగుంది. కానీ అక్కడి నుంచి నువ్వు మళ్లీ అంకెల్లోకి పారిపోయావు.

అవతలివాడు ఎందుకు నొక్కలేదు? ఆ కుర్చీలో నువ్వు కూర్చుని రాయాలి. రక్షణ ప్రాణి గురించి రాసేవాడు ఎప్పుడూ ఎదుటివాడి కుర్చీలోనే కూర్చోవాలి. ఇన్నేళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఇదొక్కటే. అతను ఏమనుకుంటున్నాడు? డాన్స్‌తో పెరిగిన బలమంతా హేజ్‌తో పోయింది. మళ్లీ డాన్స్ వేస్తే మళ్లీ హేజ్ పడుతుంది. నిప్పు దాడులూ పురుగు దాడులూ టాక్సాపెక్స్ మీద సగమే పనిచేస్తాయి. టెరాతో వోల్కరోనాను భూమి రకంగా మార్చి టెరా బ్లాస్ట్ కొడితే రెట్టింపు దెబ్బ తగులుతుంది. కానీ టెరా ఆట మొత్తానికి ఒక్కసారే. దాన్ని ఇక్కడే ఖర్చు చేయాలా? లేదంటే వోల్కరోనాను వెనక్కి పిలిచి భూమి రకం గార్చాంప్‌ను దింపాలా? టాక్సాపెక్స్ దాడి 63 మాత్రమే కనుక గార్చాంప్ తీరిగ్గా దిగుతుంది, ఆ తరువాతి టర్న్‌లో భూకంపం తెస్తుంది. నువ్వు అది ఊహించి ఎగిరే కార్విక్‌నైట్‌ను దింపితే, మార్పిడి దాడికంటే ముందే జరుగుతుంది కనుక భూకంపం దండగ. ఆ వెళ్లడంలోనే నీ టాక్సాపెక్స్‌కు 101 తిరిగి వస్తుంది. ఇదంతా అతనికీ తెలుసు. అందుకే నొక్కలేదు. ఇంత ఆలోచన ఉన్న టర్న్‌ను నువ్వు నాలుగు ముక్కల్లో ముగించావు! రెండు పేజీలు ఇవ్వు దానికి.

గార్చాంప్‌ను దాచకు కూడా. ఏ రక్షణ ప్రాణి గురించి రాసినా అది ఎవరిని ఆపుతుందో చెప్పిన వెంటనే, ఎవరికి దారి ఇస్తుందో చెప్పాలి.

2000ల మధ్యలో నేను ఆడింది స్కార్మరీ, బ్లిస్సీ అనే రక్షణ ప్రాణుల జంటతో. లీలామహల్ కూడలి దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్, గంటకు ఇంత అని కట్టాలి. దూకుడు జట్టు ఉన్నవాడు తొందరగా గెలిచో ఓడిపోయో లేచి వెళ్లేవాడు, వాడికి ఖర్చు తక్కువ. నా ఆట అలా తెమిలేది కాదు. స్కార్మరీ స్పైక్స్ అనే ముళ్లు పరచాలి. మూడు పొరలు పడితే నేల మీద దిగిన ప్రాణికల్లా నాలుగో వంతు పోతుంది. అప్పుడు వర్ల్‌విండ్ అనే సుడిగాలితో ఒక్కోదాన్నీ బయటికి ఈడ్చుకురావాలి. మధ్యలో సెంటర్ యజమాని వచ్చి ‘టైమ్ అయింది’ అని వెనక నిలబడేవాడు. గెలిచే ఆటలో కరెంటు పోయేది. అయినా ఆ జంటను మార్చలేదు. ఎదుటివాడు మాగ్నెటాన్ అనే ప్రాణిని తెస్తే, ఉక్కు ప్రాణులను పట్టి ఉంచే దాని మాగ్నెట్ పుల్ గుణం వల్ల స్కార్మరీకి కదిలే దారి ఉండదు, పిడుగు తిని పోవలసిందే. అందుకే ఆ రోజుల్లో స్కార్మరీ అని పేరు పెట్టి నోటుబుక్కులో నేను రాసుకున్నదంతా మాగ్నెటాన్ గురించే. ఎప్పుడు వస్తుంది, దేని చాటున వస్తుంది, రాకముందే ఎలా పసిగట్టాలి అని.

దాన్నే తరువాత వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు ఓడిన ఆటను మొత్తం తీసేశాడు, మాగ్నెటాన్ పేరే లేకుండా చేశాడు, పైన ‘పిల్లల ఆటలో గెలుపు సూత్రాలు’ అని శీర్షిక తగిలించాడు. ఏటా జరిగే ప్రపంచ పోటీలో పెద్దవాళ్లకు ప్రత్యేక విభాగం ఉన్న ఆట ఇది. ఆ సంచిక నేను దాచుకోలేదు. నీ వ్యాసంలోనూ ‘ఐదు చిట్కాలు’ అని చివర ఒక పెట్టె కట్టావు. ఎవరో కట్టమని ఉంటారు. తీసెయ్యి.

టాక్సాపెక్స్‌కు ఏ వస్తువు ఇవ్వాలి, ప్రతి టర్న్‌లో కొంచెం ప్రాణం తెచ్చే బ్లాక్ స్లడ్జా, నేల మీది రాళ్లు తగలకుండా చేసే బూట్లా అని అడిగావు. నీ జట్టులో స్టెల్త్ రాక్‌ను తొలగించేవాళ్లు ఉంటే స్లడ్జ్, లేకపోతే బూట్లు. పోషణ పాయింట్ల విషయంలో మాత్రం ‘ప్రాణానికి 252, రక్షణకు 252’ అని అందరూ రాసేదే రాయకు. మొత్తం 510లో ప్రతి పాయింటూ ఫలానా ప్రాణి కొట్టే ఫలానా దెబ్బను తట్టుకోవడానికి అని చూపించు. చూపించలేకపోతే ఆ పేరా వద్దు.

వచ్చే నెల కాణిపాకం వస్తున్నాను, అలాగే చిత్తూరు కూడా వస్తాను. అప్పటికి ఆ వోల్కరోనా ఆటను మొదటి టర్న్ నుంచి మళ్లీ రాసి ఉంచు. ఓడిపోయావో గెలిచావో నీ వ్యాసంలో చెప్పనేలేదు, అదీ రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య